రాజు చేతులు కట్టేసింది ఎవరు? ఫ్రాన్స్‌లో కానిది ఇంగ్లండ్‌లో ఎట్లా అయింది?

కాజీపేట డీజిల్ కాలనీ:

అందరికీ నమస్కారం. డిగ్రీ అయిపోయింది, గ్రూప్స్‌కు ఇంట్లోనే ఒక్కదాన్ని చదువుకుంటున్నాను. యూరప్ చరిత్రలో ఒక దగ్గర ఆగిపోయాను. నోట్సులో రెండు వాక్యాలు ఉన్నాయి. "ఫ్రాన్స్‌లో 14వ లూయీ నిరంకుశంగా పాలించాడు. ఇంగ్లండ్‌లో 1689 హక్కుల బిల్లుతో పరిమిత రాచరికం వచ్చింది." ఈ రెండింటికీ నడుమ ఏమీ లేదు. పక్కపక్క దేశాలు, మధ్యలో ఇరుకు సముద్రం. ఒక చోట రాజుకు ఎదురు చెప్పేవాడు లేడు, ఇంకో చోట రాజు తలే తీసేశారు. ఎందుకు?

ఒక సార్‌ను అడిగితే, "ఇంగ్లండ్ ప్రజలకు స్వేచ్ఛ మీద కోరిక ఎక్కువ" అన్నారు. నాకు మింగుడు పడలేదు. ఫ్రాన్స్ రైతుకు స్వేచ్ఛ చేదా?

ఇంకో డౌట్. మన గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో ఓడ వర్తకులకు అభయ శాసనం ఇచ్చాడు. ఇంగ్లండ్ మాగ్నా కార్టా 1215. ఇంచుమించు ఒకే కాలం. ఇద్దరు రాజులూ తమ అధికారానికి హద్దు పెట్టుకున్నట్టే కదా? మరి అక్కడిది పార్లమెంటు దాకా పోయింది, మనది రాతి మీదనే ఎందుకు ఉండిపోయింది?

మార్కుల జవాబు వద్దు. అర్థమయ్యేటట్టు చెప్పండి.

నయీంనగర్ కోచింగ్:

చెల్లె, ఇవి రాసుకో. మాగ్నా కార్టా 1215, హక్కుల విజ్ఞప్తి 1628, అంతర్యుద్ధం 1642, చార్లెస్ మరణశిక్ష 1649, హేబియస్ కార్పస్ చట్టం 1679, రక్తరహిత విప్లవం 1688, హక్కుల బిల్లు 1689, వారసత్వ చట్టం 1701. ఇవి నోటికి వస్తే ప్రిలిమ్స్‌లో టెన్షన్ లేదు. ఎందుకు అనేది మెయిన్స్ అప్పుడు చూసుకుందువు.

సుబేదారి రిటైర్డ్:

తమ్ముడు ఇచ్చిన తేదీలు కరెక్టే. ఆ అమ్మాయి అడిగింది మాత్రం కారణం.

అమ్మా, నేను ట్రెజరీలో చేసి రిటైర్ అయినవాణ్ణి. చరిత్ర నా ఇష్టంకొద్దీ చదువుకున్నదే. అందుకని ఏ రాజు కథ చదివినా నా కన్ను ముందు ఖజానా మీద పడుతుంది. మా కౌంటర్‌కు బిల్లు వస్తే మేం చూసేవి మూడే. ఏ హెడ్ (ఖర్చు పద్దు) కింద పెట్టారు, ఆ హెడ్‌లో బడ్జెట్ ఉందా, సాంక్షన్ ఎవరిచ్చారు. హెడ్‌లో డబ్బు లేకపోతే సంతకం ఎంత పెద్దదైనా బిల్లు వెనక్కి పోతుంది. మార్చి 31 రాత్రి జిల్లాలో అందరూ దండం పెట్టే ఆఫీసర్లు మా గుమాస్తా టేబుల్ ముందర నిలబడి ఉండటం నేను చూసిన. ఇంగ్లండ్ రాజుకు జరిగింది అదే. ఆయన బిల్లు వెనక్కి పంపగల గుమాస్తా తయారయ్యాడు. ఫ్రాన్స్ రాజుకు ఆ గుమాస్తా లేడు. ఎందుకు లేడో చెప్తాను.

దీనికి లూయీ దగ్గర మొదలుపెడితే లాభం లేదు. ఆయనకు రెండు వందల ఏళ్ళ వెనక్కి పోవాలి. ఇంగ్లండ్‌తో నూరేళ్ళ యుద్ధం చివరి దశలో ఉండగా, 1439లో, ఫ్రాన్స్ రాజు 7వ చార్లెస్ సైన్యం పేరు చెప్పి తాయ్ అనే పన్నును ప్రతినిధుల సభను మళ్ళీ మళ్ళీ అడగకుండా వసూలు చేసే వీలు సంపాదించాడు. ఊళ్ళను దోచుకునే సైనిక ముఠాలతో విసిగిపోయిన జనం, పోనీ రాజుకే ఒక సైన్యం ఉంటే నయం అనుకున్నారు. కీలకం ఎక్కడుందంటే, ఆ పన్ను ప్రభువుల మీద పడదు, చర్చి మీద పడదు. పడేది రైతు మీద, ఏ మినహాయింపూ లేని పట్నం మనిషి మీద. తమ జేబుకు తగలని పన్నుకు పెద్దోళ్ళు ఎందుకు అడ్డం పడతారు? అడ్డం పడగల బలం ఉన్నవాడికి నొప్పి లేదు, నొప్పి ఉన్నవాడికి బలం లేదు. మీ సార్ చెప్పిన స్వేచ్ఛా కాంక్షకు దీనితో పని లేదమ్మా.

ఇంగ్లండ్‌లో వ్యవహారం వేరు. రాజు తన సొంత భూముల మీద, కస్టమ్స్ మీద వచ్చేదానితో బతకాలి, యుద్ధం వస్తే పార్లమెంటును అడగాలి అనేది అక్కడి ఆనవాయితీ. పార్లమెంటులో కూర్చున్న భూస్వాములే ఆ పన్ను కట్టాలి. అందుకే "ఎందుకు, ఎంత, ఎన్నాళ్ళకు" అని అడిగారు. వాళ్ళేం త్యాగమూర్తులు కాదు. డబ్బు వాళ్ళది, అంతే.

ఇక మాగ్నా కార్టా. 1215 జూన్‌లో జాన్ రాజు దానికి ఒప్పుకున్నాడు. ఆగస్టుకల్లా పోప్‌కు రాసి రద్దు చేయించాడు! అక్కడితో కథ అయిపోవాల్సింది. కానీ జాన్ చచ్చిపోయాడు, కొడుకు 3వ హెన్రీ చిన్నపిల్లవాడు. 1225లో ఆయనకు డబ్బు అవసరం పడింది. ప్రభువులు తమ చరాస్తిలో పదిహేనో వంతు పన్ను ఇచ్చారు, బదులుగా ఆయన ఆ పత్రాన్ని మళ్ళీ జారీ చేశాడు. ఆ పత్రం బతికింది ఈ బేరం వల్ల. తర్వాత రాజులు డబ్బుకు వచ్చినప్పుడల్లా "ముందు ఆ పత్రాన్ని ఖాయం చెయ్యండి" అన్నారు.

మోటుపల్లి శాసనం గొప్పదే, నేను చిన్నబుచ్చను. గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును వెనకటి రాజులు బలవంతంగా లాక్కునేవాళ్ళు. మేం న్యాయమైన సుంకం తప్ప ఏమీ ముట్టం అన్నాడు గణపతిదేవుడు. ధనం ప్రాణం కన్నా మిన్న అనుకుని సముద్రానికి తెగించి వచ్చేవాళ్ళ మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం ఇస్తున్నట్టు అందులోనే ఉంది. దయతో ఇచ్చాడు. రేపు ఇంకో రాజుకు ఆ దయ లేకపోతే వర్తకుడు ఏం చేస్తాడు? ఓడను ఇంకో రేవుకు మళ్ళిస్తాడు. అతని చేతిలో ఉన్నది అంతే. సుంకం ఆపుతాం, ముందు శాసనం ఖాయం చెయ్యండి అని ఒక్కచోట కూర్చుని అడగగల వర్తకుల సభ రాజుకు ఎదురుగా లేదు.

ఇప్పుడు 1625కు వద్దాం. 1వ చార్లెస్ కొత్తగా రాజయ్యాడు. అంతకుముందు తరతరాలుగా రాజుకు కస్టమ్స్ సుంకాలు గద్దెనెక్కగానే జీవితాంతానికి రాసిచ్చేవాళ్ళు. ఈసారి పార్లమెంటులో ప్రతినిధులు కూర్చునే కామన్స్ సభ ఒక్క ఏడాదికే ఇస్తామంది. ట్రెజరీ మనిషిగా నాకు ఆ శతాబ్దం అంతటిలో బాగా నచ్చిన ఘట్టం ఇది. చార్లెస్‌కు మండింది, అనుమతి లేకుండానే వసూలు చేశాడు. పెద్దోళ్ళ దగ్గర బలవంతపు అప్పులు తీసుకున్నాడు, ఇవ్వనివాళ్ళను జైల్లో పెట్టాడు. 1628లో, పార్లమెంటు ఒప్పుకోనిదే పన్ను వెయ్యరాదు, కారణం చూపకుండా జైల్లో పెట్టరాదు అనే హక్కుల విజ్ఞప్తికి ఒప్పుకుని, మరుసటేడు పార్లమెంటును మూసేయబోయాడు. సభ వాయిదా వెయ్యడానికి లేవబోయిన స్పీకర్‌ను ఇద్దరు సభ్యులు కుర్చీలోనే అదిమి పట్టుకుని తీర్మానాలు చదివించారు. ఆ తర్వాత 11 ఏళ్ళు పార్లమెంటే లేదు.

డబ్బు ఎట్లా మరి? పాత దస్తావేజులు తవ్వి, యుద్ధ సమయంలో రేవు పట్నాలు ఓడల కోసం ఇచ్చే ఓడ సొమ్మును బయటికి తీశారు. 1635లో సముద్రమే కనబడని జిల్లాలకు కూడా వేశారు. బకింగ్‌హామ్‌షైర్‌లో జాన్ హాంప్డెన్ అనే భూస్వామి తన మీద పడ్డ 20 షిల్లింగులు కట్టను పొమ్మన్నాడు. ఒక్క పౌను. ఆయనకు అది లెక్కలోది కాదు. కేసు పన్నెండు మంది జడ్జీల ముందుకు వెళ్ళింది. ఏడుగురు రాజు పక్షం, ఐదుగురు కాదన్నారు. రాజు గెలిచాడు. కానీ జడ్జీలను పీకెయ్యగలిగిన రాజు కళ్ళ ముందే ఐదుగురు కాదన్నారంటే జనానికి అర్థం కావాల్సింది అర్థమైంది. తర్వాత ఆ పన్ను వసూలే పడిపోయింది.

స్కాట్లండ్ మీద కొత్త ప్రార్థన పుస్తకం రుద్దబోయి చార్లెస్ యుద్ధం తెచ్చుకున్నాడు. యుద్ధానికి డబ్బు కావాలి, 1640లో పార్లమెంటును పిలవక తప్పలేదు. పదకొండేళ్ళ కోపం లోపల పెట్టుకుని వచ్చారు వాళ్ళు. మా అనుమతి లేకుండా మమ్మల్ని రద్దు చెయ్యకూడదని చట్టమే చేసుకున్నారు.

1642 జనవరి 4న చార్లెస్ ఐదుగురు సభ్యులను పట్టుకోవడానికి దాదాపు 400 మంది సాయుధులతో స్వయంగా కామన్స్ సభకు వచ్చాడు. మనుషుల్ని బయట నిలబెట్టి, లోపలికి పోయి స్పీకర్ కుర్చీ దగ్గర నిలబడ్డాడు. బల్లల వెంట చూపు తిప్పితే ఐదుగురిలో ఒక్కడూ లేడు. ముందే కబురు అంది థేమ్స్ మీద పడవలో జారుకున్నారు. అందులో మన హాంప్డెన్ కూడా ఉన్నాడు. వాళ్ళెక్కడ అని స్పీకర్ లెంథాల్‌ను అడిగాడు. లెంథాల్ మోకాళ్ళ మీద కూర్చుని, "ఈ సభ ఆదేశిస్తే తప్ప ఇక్కడ నాకు చూడ్డానికి కళ్ళూ లేవు, చెప్పడానికి నాలుకా లేదు" అన్నాడు. మోకాళ్ళ మీద ఉండి, మర్యాద తప్పకుండా, రాజుకు జవాబు ఇవ్వలేదు. పిట్టలన్నీ ఎగిరిపోయాయని రాజు వెనక్కి తిరిగాడు. ఆగస్టులో యుద్ధం మొదలైంది, 1649 జనవరి 30న ఆయన తల పోయింది.

తల పోతే పని అయిపోలేదు. పార్లమెంటు సేనాపతి క్రామ్‌వెల్ సైన్యం పెట్టుకుని పాలించాడు, రాజు లేడు, హద్దూ లేదు. 1660లో రాచరికం తిరిగొచ్చింది. 1685లో 2వ జేమ్స్‌కు పార్లమెంటు ఆదాయమంతా జీవితాంతానికి రాసిచ్చింది. డబ్బు ఉంది, సైన్యం పెంచాడు, చట్టాలను నిలిపేశాడు. మూడేళ్ళలో పారిపోయాడు. ఆయన అల్లుడు, హాలండ్ నుంచి వచ్చిన విలియంకు ఆ పొరపాటు మళ్ళీ చెయ్యలేదు. 1690లో కస్టమ్స్‌ను నాలుగేళ్ళకే ఇచ్చారు. హక్కుల బిల్లు అందరికీ తెలుసు, ఈ నాలుగేళ్ళ సంగతి ఎవరూ చెప్పరు. నన్నడిగితే రెండోదే గట్టిది.

లూయీ గురించి విడిగా రాస్తాను, ఇప్పటికే పొడుగైంది.

కాజీపేట డీజిల్ కాలనీ:

సార్, చాలా థ్యాంక్స్. 1439 సంగతి ఏ మెటీరియల్‌లోనూ చూడలేదు. లూయీ గురించి తప్పకుండా రాయండి. "నేనే రాజ్యం" అన్నాడు కదా ఆయన, అంత మాట అన్నాక కూడా ఎవరూ ఏమీ అనలేదా?

ఇంకొకటి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. మా తాతది జనగామ దిక్కు పల్లె, తొంభైకి దగ్గర్లో ఉన్నాడు. నిజాం జమానా గురించి అడిగితే, "పైన నిజాం, కింద దొర, నడుమ పట్వారీ రాసిందే రాత" అంటాడు. లూయీ కాలం ఫ్రాన్స్ కూడా ఇట్లాగే ఉండేదా?

జమ్మికుంట టీచరమ్మ:

ఆ మాట లూయీ అన్నట్టు ఆ కాలపు రికార్డు ఏదీ లేదమ్మా. 1655లో పారిస్ న్యాయస్థానానికి పోయి అన్నాడని తర్వాత కాలంలో కథ కట్టారు, అప్పటికి ఆయనకు పదహారేళ్ళు. చావు మంచం మీద, 1715లో, దానికి తిరుగైన మాట అన్నట్టు మాత్రం ఉంది. నేను పోతున్నాను, రాజ్యం ఎప్పటికీ ఉంటుంది అని.

మా పిల్లలకు చెప్పేటప్పుడు నేను ఇంగ్లండ్, ఫ్రాన్స్‌తో ఆపను, ఇంకో రెండు దేశాలు చెప్తాను. రాజుకు హద్దు అనగానే మంచిదని అనుకునేవాళ్ళకు పోలండ్ చెప్పాలి. అక్కడ రాజును ప్రభువులు ఎన్నుకునేవాళ్ళు. సభలో ఒక్క సభ్యుడు లేచి ఒప్పుకోను అంటే చాలు, ఆ సమావేశాల్లో చేసిన తీర్మానాలన్నీ పోయేవి. 1652లో మొదలైంది ఈ పద్ధతి. పక్క రాజ్యాలకు ఇంతకంటే ఏం కావాలి? ఒక్కడిని కొంటే సభ మొత్తం ఆగుతుంది. సైన్యానికి పన్ను పెంచలేని దేశాన్ని రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా 1772, 1793, 1795ల్లో మూడు దఫాలుగా పంచుకున్నాయి, 1793లో మాత్రం ఆస్ట్రియా లేదు. 1791లో మంచి రాజ్యాంగం రాసుకుని ఆ పద్ధతి తీసేశారు పాపం, ఐదేళ్ళు కూడా దేశం మిగల్లేదు.

డెన్మార్క్‌ది దానికి తలకిందులు. స్వీడన్‌తో యుద్ధాల్లో ఖజానా ఖాళీ అయితే, అక్కడి ప్రభువులు మేం పన్ను కట్టేది లేదన్నారు. 1660లో చర్చి పెద్దలు, పట్నం వర్తకులు కలిసి, మీకంటే రాజే నయమని అధికారమంతా ఆయన చేతికిచ్చారు. 1665లో దాన్ని చట్టంగా రాసి పెట్టుకున్నారు కూడా. నిరంకుశత్వం ప్రతిసారీ పైనుంచి దిగదు, ఒక్కోసారి కింది నుంచే అడుగుతారు. 1849లో రాజే రాజ్యాంగం ఇచ్చాడు, నెత్తురు చిందకుండా.

గోదావరిఖని ఎనిమిదో కాలనీ:

సార్ రాసింది బాగుంది. కానీ నాకో పేచీ ఉంది. రాజు చేతులు కట్టేసిన ఆ పార్లమెంటు ఎవరిది? 1711లో చట్టం చేసుకున్నారు, జిల్లా తరఫున సభ్యుడు కావాలంటే ఏడాదికి 600 పౌండ్లు వచ్చే భూమి ఉండాలి, పట్నం తరఫున 300. 1671లో ఇంకో చట్టం, ఏడాదికి 100 పౌండ్ల భూమి లేనోడు కుందేలును వేటాడినా నేరమే. తన పొలం తిన్న కుందేలు అయినా సరే. ఊరుమ్మడి బీళ్ళకు కంచెలు వేసుకోవడానికి వేల చట్టాలు పాస్ చేసుకున్నారు. ఒక రాజు చేతిలోది గుంజుకుని 558 మంది దొరలు పంచుకున్నారు. మా దిక్కు గడీలు చూసినోళ్ళకు ఇది పరిమిత రాచరికం అంటే నవ్వొస్తది.

నేను బొగ్గు బాయిల పనిచేసినోణ్ణి. యూనియన్ అంటే ఏందో మాకు తెలుసు. అదే పార్లమెంటు 1799, 1800ల్లో కార్మికులు కూలి కోసం ఒకటైతే జైలు అని చట్టం చేసింది, 1824 దాకా అది నడిచింది. రాజును ఆపడం నేర్చుకున్నోళ్ళు మాలాంటోళ్ళను కూడా ఆపడం నేర్చుకున్నరు. హక్కుల బిల్లులో హక్కులు ఎవరివో కూడా పిల్లకు చెప్పాలె.

సుబేదారి రిటైర్డ్:

అన్నా, మీ పేచీ న్యాయమైనదే. 1918 దాకా అక్కడి మగవాళ్ళందరికీ కూడా ఓటు లేదు, ఆడవాళ్ళకు మగవాళ్ళతో సమానంగా వచ్చింది 1928లో. కానీ 1689లో దొరలు కట్టిన తాడు దొరల కోసమే అయినా, తర్వాత వచ్చినవాళ్ళు తమ పేరు ఆ సభలో చేర్పించమని కొట్లాడగలిగారు. సభ అనేది ఉంది కాబట్టి తలుపు ఎక్కడుందో తెలిసింది. ఫ్రాన్స్‌లో తలుపే మూసేశారు. 1614 తర్వాత ప్రతినిధుల సభను 175 ఏళ్ళు పిలవలేదు.

ఇప్పుడు లూయీ. ఐదేళ్ళు నిండకముందే రాజయ్యాడు. 1648 నుంచి ఐదేళ్ళు పారిస్‌లో తిరుగుబాట్లు. 1651 ఫిబ్రవరిలో ఒక రాత్రి, రాజును ఎత్తుకుపోతున్నారన్న పుకారుతో జనం రాజభవనంలోకి వచ్చారు. పన్నెండేళ్ళ పిల్లవాడు దుప్పటి కప్పుకుని నిద్ర నటిస్తుంటే వరుసగా వచ్చి చూసి పోయారు. ఆ పిల్లవాడు పెద్దయ్యాక పారిస్‌ను నమ్మలేదంటే ఆశ్చర్యం ఏముంది? 1682లో కొలువును వెర్సాయ్‌కు మార్చాడు. ఒకప్పుడు సైన్యాలు పెట్టుకుని రాజు మీదికి వచ్చిన వంశాల వాళ్ళు, పొద్దున రాజుకు చొక్కా అందించే భాగ్యం ఎవరిదని, రాత్రి ఆయన పడుకునేటప్పుడు కొవ్వొత్తి పట్టుకునే వంతు ఎవరికి వస్తుందని పోటీ పడ్డారు. పింఛన్లు, పదవులు రాజు చేతుల్లోనుంచే రాలాలి. చూపులో పడనివాడికి ఏమీ లేదు.

అయినా పుస్తకాల్లో రాసినంత ఎదురులేని రాజు కాదు ఆయన. ఉప్పు పన్నే చూడండి. పారిస్ చుట్టుపక్కల మనిషికింత చొప్పున ఉప్పు సర్కారు ధరకు కొనాల్సిందే, వద్దంటే కుదరదు. బ్రిటనీలో ఆ పన్నే లేదు, పాత ఒప్పందం. ఆ సరిహద్దు పొడుగునా దొంగ ఉప్పు మోసేవాళ్ళు. అంత లూయీ కూడా దాన్ని మార్చలేకపోయాడు. ఇక ఉద్యోగాలు. జడ్జీ పోస్టు, పన్నుల పోస్టు డబ్బుకు అమ్మేవాళ్ళు. 1604 నుంచి ఏటా పోస్టు విలువలో అరవయ్యో వంతు కడితే అది కొడుక్కు పోతుంది. కొన్నవాణ్ణి తీసేయాలంటే రాజు డబ్బు వాపసు ఇవ్వాలి. డబ్బే ఉంటే అమ్మేవాడా? అమ్మా, మీ తాత చెప్పిన పట్వారీ దగ్గర ఈ పోలిక కొంత నిలుస్తుంది. ఊరి లెక్క వంశపారంపర్యంగా ఒకే ఇంట్లో ఉంటే, పైన ఎవరు కూర్చున్నా రాసేది ఆ ఇంటివాడే. 1980ల్లో ఆ వ్యవస్థను రద్దు చేసేదాకా మన దగ్గర నడిచింది.

నిజాం సంగతి సూటిగా చెప్తాను. చివరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ మంచి పనులు చేశాడు, చెడ్డ పనులూ జరిగాయి, నేను తీర్పు చెప్పేవాణ్ణి కాదు. పద్ధతి మాత్రం ఒకటే, ఫర్మానా, అంటే రాజు సొంత ఉత్తర్వు. 1917లో ఉస్మానియా యూనివర్సిటీకి ఫర్మానా. 1919లో మంత్రుల మండలి పెట్టడం కూడా ఫర్మానాతోనే. సభ జరుపుకోవాలంటే గస్తీ 53 అనే సర్క్యులర్ కింద ముందు సర్కారు అనుమతి తెచ్చుకోవాలి. రాజ్యంలో సర్ఫెఖాస్ అని విడిగా భూములు, వాటి శిస్తు నేరుగా ఆయన సొంత ఖజానాకు పోయేది. 1948 దాకా ఆయన బిల్లును వెనక్కి పంపగల సభ లేదు. మీ తాత మాటకు అర్థం ఇదే. లూయీకి కనీసం ఫర్మానాను రిజిస్టర్ చేసే న్యాయస్థానాలు ఉండేవి, రిజిస్టర్ చెయ్యం అని సతాయించేవి. 1673లో, ముందు రిజిస్టర్ చేసి తర్వాత అభ్యంతరం చెప్పుకోండని ఆయన వాటి నోరు కూడా నొక్కాడు. చచ్చిపోగానే ఆ హక్కు తిరిగి తెచ్చుకున్నాయి.

డబ్బు దగ్గరే ఫ్రాన్స్ కొంప మునిగింది. ఎదురులేని రాజుకు చౌకగా అప్పు పుట్టదు. ఎగ్గొడితే ఏ కోర్టుకు పోతావు? ఇంగ్లండ్‌లో 1694లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పెట్టి, విలియం యుద్ధానికి 12 లక్షల పౌండ్లు 8 శాతం వడ్డీకి ఇచ్చారు. తిరిగి కట్టేది పార్లమెంటు వేసిన పన్నుల నుంచి. అప్పిచ్చినవాళ్ళలో చాలామంది ఆ సభ్యులూ, వాళ్ళ చుట్టాలే. వాళ్ళ డబ్బు వాళ్ళే ఎగ్గొట్టుకుంటారా? 1750లకు వచ్చేసరికి ఆ సర్కారుకు 3 శాతానికే అప్పు దొరికేది. చిన్న దేశం, కట్టేసిన రాజు, కానీ యుద్ధాల్లో పెద్ద దేశాన్ని నిలువరించింది. అటు 1788 ఆగస్టులో ఫ్రాన్స్ ఖజానా చెల్లింపులు ఆపేసింది. 1789 మే 5న ప్రతినిధుల సభ కూర్చుంది. 175 ఏళ్ళుగా అడగనివాళ్ళను అడగడం మొదలుపెట్టాక వాళ్ళు డబ్బుతో ఊరుకోలేదు. 16వ లూయీ తల 1793 జనవరిలో పోయింది.

తమ్ముడు నయీంనగర్, నీకు పనికొచ్చేది ఒకటి చెప్తాను. మన రాజ్యాంగం 265వ అధికరణ, చట్టం లేకుండా ఏ పన్నూ వేయరాదు. 266, చట్టం ప్రకారం తప్ప సంచిత నిధి, అంటే సర్కారు ఖజానా, నుంచి రూపాయి తీయరాదు. ఇవి ఓడ సొమ్ము కేసు మనవళ్ళు. మెయిన్స్‌లో కలిపి రాస్తే చూసేవాడు మెచ్చుకుంటాడు.

గోదావరిఖని ఎనిమిదో కాలనీ:

తలుపు సంగతి ఒప్పుకుంటున్న సార్. కానీ తలుపు కొట్టింది ఎవరో, కొట్టినప్పుడు ఎవరి చేతులు ఇరిగినయో కూడా రాయాలె. అది ఇంకో రోజు మాట్లాడుకుందాం.

కాజీపేట డీజిల్ కాలనీ:

ఒక్క చివరి ప్రశ్న సార్. డబ్బుకు సరే. సైన్యం రాజు చేతిలోనే ఉంది కదా, విలియం సైనికులను పెట్టుకుని సభను ఇంటికి పంపిస్తే? క్రామ్‌వెల్ అదే చేశాడు కదా.

సుబేదారి రిటైర్డ్:

మంచి ప్రశ్న. దానికీ సాంక్షనే. పార్లమెంటు ఒప్పుకోనిదే శాంతి కాలంలో సైన్యం ఉండరాదని హక్కుల బిల్లులో ఉంది. రాత ఒక్కటే అయితే దాన్ని దాటెయ్యొచ్చు. అందుకని అదే 1689లో సైనిక క్రమశిక్షణకు ఒక చట్టం చేశారు. పారిపోయిన సైనికుణ్ణి, తిరగబడ్డవాణ్ణి సైనిక కోర్టులో శిక్షించే అధికారం దాని నుంచే వస్తుంది. మొదటిసారి దాని గడువు నెలల్లోనే పెట్టారు, తర్వాత ఏడాదికొకసారి పొడిగించేవాళ్ళు. గడువు దాటితే జీతం అడుగుతూ ఎదురు తిరిగిన సైనికుణ్ణి సైనిక కోర్టుకు పంపే దారి ఉండదు, మామూలు కోర్టులే గతి. ఏ సేనాపతీ అట్లాంటి సైన్యంతో సభ మీదికి రాడు. ఖర్చుకు కూడా ఏటేటా మంజూరు కావాలి. కాబట్టి రాజుకు ఇష్టం ఉన్నా లేకున్నా ప్రతి ఏడాది సభను పిలవాల్సి వచ్చింది. చార్లెస్‌లాగా 11 ఏళ్ళు కాదు కదా, 1689 తర్వాత పార్లమెంటు కూర్చోని సంవత్సరం ఒక్కటి కూడా లేదు.